ఎర్ర కుర్చీలో అబద్ధం

రాజమండ్రి దానవాయిపేటలో ఫణీంద్ర అనే కుర్రాడు ఉండేవాడు; మాటకారి, తెలివైనవాడే, కానీ సగంలో వదిలేసిన ఆటను పూర్తి చేశానని చెప్పి దాని మీద తీర్పులిచ్చే దుర్గుణం అతనికి ఉండేది.

వీడియో గేమే కదా, దీనికి దుర్గుణం అనేంత పెద్ద మాట ఎందుకు అని మీరు అడగవచ్చు. కథ విన్నాక అడగండి.

ఆ పేటలో వీర్రాజు గారి గేమ్ సెంటర్ ఉండేది. వరసగా కంప్యూటర్లు, ఎదుటి గోడకు ఒక పెద్ద తెర. ప్రతి ఆదివారం ఉదయం సెంటర్ తెరిచే ముందు అక్కడ ఆడేవాళ్లంతా చేరేవారు. ఆ వారం ఎవరు ఏ ఆట పూర్తి చేశారో, అది ఎలా ఉందో చెప్పుకునేవారు. చెప్పేవాళ్ల కోసం మధ్యలో ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేసేవారు. అందులో కూర్చున్నవాళ్లు ముందు కంట్రోలర్ మీద చెయ్యి వేసి "పూర్తి చేశాను" అనాలి. ఆ మాట అన్నాక ఇక ఎవరూ అనుమానించకూడదు, అడ్డు తగలకూడదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. ఆట ముగింపును ఎవరూ పైకి చెప్పకూడదు. దాని గురించి మాట్లాడకపోతే నిద్రపట్టదు అనుకుంటే, ఆ ఆట పూర్తి చేసిన ఇద్దరూ పక్కకు వెళ్లి ఒకరి చెవిలో ఒకరు చెప్పుకోవాలి. ఇంకా ఆడనివాళ్ల సంబరం పాడుచేసే హక్కు ఎవరికీ లేదనేవారు వీర్రాజు గారు.

ఆ ఎర్ర కుర్చీ దాదాపు ఫణీంద్ర సొంతమైపోయింది. ప్రతి వారం ఎక్కి కూర్చునేవాడు. ఒక ఆటను కాసేపు ఆడేవాడు, విసుగు పుడితే ఆపేసేవాడు, మిగతాది ఊహించి అల్లేసేవాడు. అల్లిక ఎంత బాగుండేదంటే వినేవాళ్లు నోళ్లు తెరుచుకుని వినేవారు. అతను బాగుందంటే ఆ ఆట కోసం జనం ఎగబడేవారు. దండగ అంటే మళ్లీ దాని ముఖం చూసేవారు కాదు. తన నోటికి అంత బలం ఉందని తెలిసిన మనిషి ఎంత జాగ్రత్తగా ఉండాలి! ఫణీంద్రకు ఆ బలం తెలుసు, జాగ్రత్త ఒక్కటే తెలియదు.

ఆ గుంపులోనే మధులత అనే అమ్మాయి ఉండేది. ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం వెతుక్కోకుండా ఇంట్లో కూర్చుని సొంతంగా ఒక ఆట తయారుచేసింది. దాని పేరు 'లంక రేవు'. గోదావరి మధ్యనున్న ఒక లంకలో పడవ నడిపే మనిషి కథ అది. పాలక్యాన్ల వాళ్లను, బడిపిల్లలను, అరటిగెలల వాళ్లను, పెళ్లివాళ్లను అటూ ఇటూ దాటించడమే ఆట. ఆఖరున వరద వస్తుంది. సుడిలో చిక్కిన పడవను ఎంత నడిపినా, ఎన్ని బటన్లు నొక్కినా అది కదలదు. చివరికి విసిగి చేతులు వదిలేస్తే, ఇన్నాళ్లూ మనం దాటించినవాళ్లంతా తలా ఒక పడవ వేసుకుని వచ్చి మనల్ని ఒడ్డుకు చేరుస్తారు. ఏ బటనూ నొక్కకపోవడమే ఆ ఆట ముగింపు. మీరు చదువరులు కాబట్టి మీకు చెబుతున్నాను, ఆ సెంటర్‌లో మాత్రం ఎవరికీ చెప్పకండి.

మధులత నాన్న సూర్యచంద్రరావు గారు లారీ ఆఫీసులో పనిచేసేవారు. కూతురు గది తలుపు వేసుకుని చేసే పని ఏమిటో ఆయనకు అర్థమయ్యేది కాదు. అయినా ఓర్చుకున్నారు. ఒకరోజు భోజనం దగ్గర మాత్రం తేల్చి చెప్పేశారు.

"దసరాదాకా చూస్తానమ్మా. నీ ఆట నలుగురికీ నచ్చితే నేను నోరెత్తను. నచ్చలేదనుకో, బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరిపో."

"అలాగే నాన్నా" అంది మధులత.

దసరా సెలవుల్లో వీర్రాజు గారు ఒక ఆటను ఎంచి పెద్ద తెర మీద పెట్టేవారు. ఊళ్లోవాళ్లు పిల్లాపాపలతో వచ్చి ఆడేవారు. ఏ ఆట పెట్టాలో ఆదివారం గుంపే చెప్పాలి. మధులత తన ఆటను తీసుకెళ్లి ఆయనకు ఇచ్చింది.

"నా పేరు చెప్పకండి బాబాయ్. నా ముఖం చూసి బాగుందనకూడదు. ఆట చూసి అనాలి" అంది.

"భలేదానివే! అలాగేలే" అని వీర్రాజు గారు ఆటను అన్ని కంప్యూటర్లలోనూ వేయించారు.

తరువాతి ఆదివారం ఫణీంద్ర ఎర్ర కుర్చీలో కూర్చున్నాడు. కంట్రోలర్ మీద చెయ్యి వేశాడు.

"'లంక రేవు' పూర్తి చేశాను" అన్నాడు.

వెనక బెంచీ మీద మధులత కూర్చుని ఉంది. తన ఆటను మొదట పూర్తి చేసిన మనిషి! నచ్చకపోయినా సరే, ఏమంటాడో ఒక్క మాట కూడా జారిపోకుండా వినాలని ముందుకు వంగింది.

"ఏముందిరా అందులో? అటు దాటించు, ఇటు దాటించు, మళ్లీ అటు దాటించు. పడవ ఆటా అది? ఆర్టీసీ బస్సు నయం!" అన్నాడు ఫణీంద్ర. అందరూ గొల్లుమన్నారు. "ఆఖరుదాకా ఓపిక పట్టాను. ముగింపు పైకి చెప్పకూడదు కాబట్టి చెప్పను గానీ, వరదలో బటన్ కొట్టీ కొట్టీ నా బొటనవేలు వాచిపోయింది. అంత కష్టపడితే ఒడ్డు! దండగమారి ఆట. దీన్ని తెర మీద పెడితే దసరాకి ఈగలు తోలుకోవాలి."

మధులతకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆఖరున బటన్ కొట్టాడట! బటన్ కొట్టినవాడు ఎవడైనా ఆ సుడిలోనే ఉంటాడు, ఒడ్డు ముఖం చూడడు. వీడు ఆట పూర్తి చేయలేదు. వరద దాకా కూడా వెళ్లి ఉండడు. మొదట్లోనే ఒక ముసలమ్మ "ఈ ఏడు వరద వచ్చేట్టుంది నాయనా" అంటుంది కదా, ఆ ఒక్క మాట పట్టుకుని మిగతాదంతా అల్లేశాడు.

లేచి ఆ మాట అనేద్దామనుకుంది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ముగింపు చెప్పకుండా వాడి అబద్ధాన్ని బయటపెట్టడం ఎలా? చెబితే వాడు దొరుకుతాడు, దానితోపాటు ఆమె ఆట కూడా పోతుంది. చేతులు వదలాలని ముందే తెలిసినవాడికి ఆ ఆటలో ఇంకేం మిగులుతుంది? పళ్లు కొరుక్కుని కూర్చుండిపోయింది.

ఆ వారం 'లంక రేవు'ను ఎవరూ ముట్టుకోలేదు. మధులత రోజూ సెంటర్‌కు వెళ్లి ఆశగా చూసేది. ఎవరో కొత్త కుర్రాడు దాన్ని తెరవబోతే పక్కవాడు "దండగరా, ఫణి చెప్పాడుగా" అని ఆపేశాడు. ఎన్నో ఏళ్ల శ్రమను ఒక పూట కోతలతో బూడిదలో పోశాడు వాడు! పైగా దారిలో కనిపించి, "ఏం మధులతా, ఆ పడవ ఆట నువ్వూ ఆడావా ఏంటి? వద్దులే, టైమ్ దండగ" అని నవ్వుతూ సలహా కూడా ఇచ్చాడు. పుండు మీద కారం చల్లడమంటే ఇదే. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి సూర్యచంద్రరావు గారు కోచింగ్ సెంటర్ కరపత్రాన్ని బల్ల మీద పెట్టి ఉంచారు. మధులతకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

దసరాకు ముందు వచ్చిన ఆదివారం అందరూ చేరారు. ఏ ఆట పెట్టాలో ఆ రోజే తేల్చాలి. అప్పుడు నూర్జహాన్ అనే ఫార్మసీ చదివే అమ్మాయి లోపలికి వచ్చింది. ఆమె చాలా నెమ్మదిగా ఆడేది. అందుకని ఫణీంద్ర ఆమెకు 'నత్త' అని పేరు పెట్టాడు. కానీ ఆమెకు ఒక మొండి అలవాటు ఉంది. మొదలుపెట్టిన ఆటను ఎవరెన్ని చెప్పినా మధ్యలో వదలదు. ఫణీంద్ర తీర్పుకు ముందే మొదలుపెట్టిన 'లంక రేవు'ను ఇంటికి తీసుకెళ్లి ఆడుతూనే ఉంది.

నూర్జహాన్ ముఖం వెలిగిపోతోంది. నేరుగా ఫణీంద్ర దగ్గరకు వెళ్లింది.

"'లంక రేవు' పూర్తయింది ఫణీ! నువ్వూ పూర్తి చేశావుగా, పక్కకు రా. ఆ ముగింపు గురించి మాట్లాడకపోతే నేను ఉండలేను" అంది.

ఫణీంద్ర తడబడ్డాడు. అయినా అందరూ చూస్తున్నారు కాబట్టి వెళ్లాడు. ఆమె చెవిలో ఏదో అన్నాడు. నూర్జహాన్ ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"నువ్వు ఈ ఆట పూర్తి చేయలేదు" అంది గట్టిగా.

సెంటర్‌లో గోల మొదలైంది. కుర్చీలో చెప్పిన మాటను అనుమానించడమా!

"నత్తలా ఆడేదానివి, నాకు చెబుతున్నావా? నువ్వే ఏదో తప్పుదారి పట్టి ఉంటావు" అన్నాడు ఫణీంద్ర.

వీర్రాజు గారికి పాలుపోలేదు. తనైతే ఆ ఆట ఇంకా ఆడలేదు. ఆయన మధులత వైపు చూశారు. మధులత ఇక ఆగలేకపోయింది.

"ఆ ఆట చేసింది నేను" అని లేచి నిలబడింది. గోల ఆగిపోయింది. "బాబాయ్, ఆఖరి ఘట్టంలో ఏ బటన్ నొక్కాలో ముగ్గురం మీ చెవిలో చెబుతాం. మీరు ఆడేటప్పుడు మీ సరదా పోతుంది, క్షమించండి. మిగతావాళ్లదైనా మిగలాలి."

వీర్రాజు గారు ఒప్పుకుని ఎర్ర కుర్చీలో కూర్చున్నారు. ముందు ఫణీంద్ర ఆయన చెవిలో చెప్పాడు. "గుండ్రం బటనండీ. ఆపకుండా కొట్టాలి." తరువాత నూర్జహాన్ వంగింది. "ఏదీ నొక్కకూడదు అంకుల్, చేతులు వదిలేయాలి." ఆఖరున మధులత చెప్పింది. వీర్రాజు గారి ముఖం ఎర్రబడింది.

"ఆడపిల్లలిద్దరి మాటా ఒకటే. నీదొక్కటే వేరు. ఎన్నాళ్లనుంచిరా ఈ కుర్చీలో కూర్చుని మా చెవుల్లో పువ్వులు పెడుతున్నావు?"

ఫణీంద్ర నవ్వబోయాడు. "అబ్బ, దీనికింత రాద్ధాంతం ఏంటండీ? అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదా? కుండంతా తినాలా? బాగోలేదని చెప్పడం నేరమా?"

మధులత అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"బాగోలేదని చెప్పడం నేరం కాదు. ఆఖరుదాకా ఆడి చెప్పు, తల వంచుకుని వింటాను. అంతదాకా ఆడలేకపోతే, విసుగొచ్చి వదిలేశానని చెప్పు, అదీ వింటాను. కానీ మెతుకు పట్టి చూసినవాడు విస్తరి ముందు కూర్చుని భోజనం చేశానని చెప్పడు! అది కూడా పొయ్యి వెలిగించగానే పట్టి చూశావు. అప్పుడు ఏ మెతుకైనా పలుకుగానే ఉంటుంది. నీ కోతల వల్ల నా ఇంట్లో ఏం జరుగుతోందో నీకు తెలుసా?"

ఇక మిగతావాళ్లు అందుకున్నారు. "ఆ అడవి ఆటను నా చేత సగంలో మాన్పించావు కదరా!" అని ఒకడు, "ఆ రైలు ఆట అద్భుతమని నాలుగు రాత్రులు నా ప్రాణం తీశావు, అదైనా ఆడావా?" అని ఇంకొకడు. అడిగిన ఏ ఆటకూ ఫణీంద్ర కళ్లెత్తి జవాబు చెప్పలేకపోయాడు.

వీర్రాజు గారు ఆ రోజు ఏదీ తేల్చలేదు. "ముందు అందరూ ఆ ఆట ఆడండి, సెలవులు మొదలయ్యేలోగా చెప్పండి" అన్నారు. ఆడారు. కొందరికి నచ్చలేదు, ఆ మాటే కుర్చీలో కూర్చుని చెప్పారు. ఎక్కువమందికి నచ్చింది. దసరా సెలవుల్లో 'లంక రేవు' పెద్ద తెర మీదికి ఎక్కింది. సూర్యచంద్రరావు గారు జనం వెనక నిలబడి చూశారు. ఎవరో పెద్దావిడ ఆఖరి సుడిలో చిక్కి, అలసిపోయి కంట్రోలర్ ఒళ్లో పెట్టేసుకుంది. ఆవలి ఒడ్డు నుంచి పడవలు ఒక్కొక్కటే బయలుదేరాయి. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కోచింగ్ మాట ఆ ఇంట్లో మళ్లీ వినబడలేదు.

ఫణీంద్ర కూడా ఆ సెలవుల్లో ఇంట్లో తలుపు వేసుకుని ఆ ఆట ఆడాడు. ఈసారి వదల్లేదు. సుడిలో గుండ్రం బటన్ కొట్టీ కొట్టీ ఈసారి నిజంగానే బొటనవేలు వాచింది. చేతులు వదిలేశాడు. పడవలు వచ్చాయి. ఏ ప్రయాణికుల మీదైతే అతను విసుక్కున్నాడో వాళ్లే వచ్చారు.

తరువాతి ఆదివారం అతను ఎర్ర కుర్చీలో కూర్చున్నాడు. కంట్రోలర్ మీద చెయ్యి వేశాడు. "'లంక రేవు' పూర్తి చేశాను" అన్నాడు. అన్ని ఆదివారాల్లో అతను ఆ కుర్చీలో కూర్చుని చెప్పిన మొట్టమొదటి నిజం అది. గుంపులో ఒకడు ఆవలించాడు. "టీ తాగొద్దాం పదండ్రా" అన్నాడు ఇంకొకడు. ఒక్కొక్కరే లేచి బయటికి వెళ్లిపోయారు. వద్దనడానికి వీర్రాజు గారికి కూడా మనసు రాలేదు.

మధులత ఒక్కతే బెంచీ మీద మిగిలింది.

"నీ మీద నాకు కోపం పోలేదు. పోతుందని కూడా అనుకోను. కానీ పూర్తి చేసినవాళ్ల మాట వింటానన్నాను. చెప్పు" అంది.

"మొదట్లో మరీ నెమ్మదిగా ఉంది. నాలాంటివాళ్లు అక్కడే వదిలేస్తారు" అన్నాడు ఫణీంద్ర.

మధులత ఆలోచించింది. "అది నిజమే. సరిచేస్తాను" అని లేచి వెళ్లిపోయింది.

నీతి: పూర్తిగా చూసినవాడు కటువుగా చెప్పినా అది సాయమే అవుతుంది, చూడకుండానే చూశానని తీర్పు చెప్పేవాడు ఇతరుల కష్టాన్ని మట్టిపాలు చేస్తాడు, చివరికి తాను నిజం చెప్పిననాడు వినే దిక్కు లేకుండా మిగులుతాడు.