సున్నం గుర్తుల మునసబు

ఏ ఎండకా గొడుగు పట్టడంలో పానకాలు నక్కను మించినవాడు ఆ అడవిలో లేడు. తోడేళ్ళు ఏలిన పన్నెండేళ్ళూ మునసబుగిరీ అతనిదే. కుందేళ్ళ బొరియలేవో చూపించమని తోడేళ్ళు హుకుం వేస్తే, ఎందుకని అడిగిన పాపాన పోలేదు. తానే తిరిగి ప్రతి బొరియ ముందూ సున్నం గుర్తు పెట్టాడు. ఆ తర్వాత ఆ బొరియలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. కుందేళ్ళు ఏమయ్యాయో అందరికీ తెలుసు, అడిగితే మాత్రం ఎవరికీ తెలియదు!

చివరికి ఏనుగులొచ్చి తోడేళ్ళను తరిమేశాయి. పాత కొలువువాళ్ళు మళ్ళీ పదవిలో ఉండాలంటే, మంచివాళ్ళని ఒక కుందేలు సాక్ష్యం చెప్పాలని చాటింపు వేయించాయి.

పానకాలు గుండెల్లో రాయి పడింది. రెండు ముల్లంగి దుంపలు పట్టుకుని, ముసలి కుందేలు వెంకాయమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

"పిన్నీ, బాగున్నావా?"

"నీకు పిన్నినెప్పుడయ్యానయ్యా? మొన్నటిదాకా ‘ఏయ్ ముసలీ’ అనేవాడివి!"

"అవన్నీ ఇప్పుడెందుకులే. పైవాళ్ళు చెప్పింది చేసే ఉద్యోగిని నేను. ఆ సున్నం కూడా నేను పెట్టలేదు, మా బంట్రోతు కాకి పెట్టాడు. వాడెలాగూ తోడేళ్ళతో పారిపోయాడు. ఆ ముక్క చెప్పు చాలు."

"ముగ్గురు పిల్లలు పోయారయ్యా నాకు."

"అయ్యయ్యో!" అంటూ పానకాలు పొడి కళ్ళు తుడుచుకున్నాడు.

వెంకాయమ్మ ముల్లంగి దుంపలు పక్కకు జరిపింది. "సరే, నువ్వు చెప్పమన్నదే చెబుతా" అంది.

మర్నాడు విచారణలో ఏనుగు పెద్ద అడిగాడు. "ఏమ్మా, ఈ మునసబు ఎలాంటివాడు?"

"పాపం, ఏమీ చేతకానివాడు బాబూ! పనంతా కాకిదే. నలభై బొరియల్లో ఒక్కటీ తప్పిపోలేదు. తుమ్మపొద వెనక మా చెల్లెలి దొడ్డిదారి కూడా పట్టేశాడు. ఈయనకు కుందేలు బొరియేదో, ఎలక కన్నమేదో తెలిస్తేగా!"

అంతా గొల్లుమన్నారు. పానకాలుకు ఒళ్ళు మండింది. అయినా పళ్ళు బిగబట్టుకున్నాడు.

"అయితే మునసబుగిరీకి ఆ కాకిలాంటి పనిమంతుణ్ణి వెతకాలి" అన్నాడు ఏనుగు పెద్ద.

ఇక ఆగలేకపోయాడు నక్క.

"కాకా? వాడికేం తెలుసండీ, వాడి మొహం! ఆ దొడ్డిదారి కోసం మూడు రోజులు ముళ్ళలో పడి కాచింది నేను! నలభై గుర్తులూ నా చేత్తో పెట్టినవే! తోడేళ్ళ దొరే నా భుజం తట్టి..."

నవ్వులు ఆగిపోయాయి. పానకాలు నాలుక్కరుచుకున్నాడు.

"పిన్నీ! నువ్వైనా చెప్పవే!"

"నువ్వు చెప్పమన్నదే చెప్పా కదయ్యా" అంది వెంకాయమ్మ. "కాదన్నది నువ్వే."

పాపాన్ని దాచుకోగలిగినవాడు కూడా ప్రతాపాన్ని దాచుకోలేడు.