పసుపు డబ్బా తూటాలు

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నా నోట్లో మిగిలిన రెండు పళ్లూ ఈ క్షణమే రాలిపోవాలి. రైఫిల్ క్లబ్బులో గురి నేర్పే జమేదారు అప్పలస్వామి, ఎవరేం అడిగినా నోటితో జవాబు చెప్పే మనిషి కాడు. భోంచేశారా అని అడిగితే ఎంగిలి చెయ్యి చూపించేవాడు.

రాష్ట్ర జట్టు ఎంపికకి ఇంకా రెండు రోజులే ఉంది. పోస్టాఫీసు గుమాస్తా వకుళ వరసగా రెండేళ్లు ఒక్క మార్కు తేడాతో తప్పింది. ఈసారీ తప్పితే క్లబ్బువాళ్లు ఇచ్చిన రైఫిలు ఇంకొకరి చేతికి పోతుంది. బోర్లా పడుకుని కాల్చీ కాల్చీ ఆమె మోచేతులు ఏనుగు మోకాళ్లలా మొద్దుబారాయి. అయినా వదిలే రకం కాదు. ఆ పొద్దున నీలం డబ్బా ఒకటి, పసుపు డబ్బా ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“రెండూ ఒకే సైజు, ఒకే బరువు. పోటీకి ఏ తూటాలు పట్టుకెళ్లను మాస్టారూ? తేల్చుకోందే ఇక్కణ్నుంచి కదలను.”

ఆయన వేలెత్తి మైదానం చివర చూపించాడు. యాభై మీటర్ల దూరంలో రెండు గురి కాగితాలు కట్టి ఉన్నాయి. వకుళ ఒక్కోదాని మీద ఐదేసి కాల్చింది. నీలం తూటాల్లో ఒకటి నట్టనడుమ తగిలింది, తక్కినవి తలో దిక్కుకూ పోయాయి. మొత్తం నలభై మార్కులు. పసుపువి ఐదూ ఎడమ పక్కన, కిందికి, ఏడు మార్కుల వలయంలో ఒకేచోట పడ్డాయి. ముప్పై ఐదు.

“నీలమే!” అంది, ముఖం చేటంత చేసుకుని.

“లెక్కలు బాగానే వచ్చు నీకు. అవే కాగితాల మీద ఇంకో ఐదేసి కొట్టు.”

కొట్టింది. ఆ మోతకి మూడూళ్ల కోళ్లు వారం రోజులు గుడ్లు పెట్టలేదు. పరుగున వెళ్లి చూస్తే నీలం తూటాల కాగితం చిల్లుల గరిటెలా ఉంది. ఈసారి నడుమ ఒక్కటీ తగల్లేదు. పసుపు తూటాల కాగితం మీదైతే కొత్త చిల్లే లేదు. వకుళ గుండె ఆగిపోయి, ఓ పూట తర్వాత మళ్లీ కొట్టుకుంది.

“చూశారా! ఇవి కాగితానికే తగల్లేదు. వీటిని నమ్ముకుంటే నా రైఫిలు పోయినట్టే!”

ఆయన నింపాదిగా నడిచొచ్చి, పాత చిల్లులో చిటికెన వేలు దూర్చాడు. ఇందాక శనగగింజంత ఉన్న చిల్లు ఇప్పుడు వేలికి దారిచ్చింది. ముందుపోయిన ఐదింటి వెనకే ఈ ఐదూ దూరిపోయాయి.

వకుళ వంగి ఆ చిల్లులోకి తొంగి చూసింది.

“అయినా ఏడేగా మాస్టారూ,” అంది గొంతు తగ్గించి. “పదికి పదీ తప్పేగా.”

“పదికి పదీ ఒకటే తప్పు,” అన్నాడాయన. “వెళ్లు తల్లీ, ఆఫీసు గదిలో గురి దిద్దే స్క్రూడ్రైవరుంది, పట్టుకురా.”