వంగిన చోటు

ఆచార్య జోగారావు గారిని ప్రశ్న అడిగితే జవాబు దొరకదు, పని దొరుకుతుంది. ఆ సంగతి తెలిసి కూడా ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న సులోచన ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది.

"మాస్టారూ, రేడియోధార్మిక పదార్థం తరిగిపోతుంటే గ్రాఫులో ఎంత చక్కని వంపు వస్తుంది! ప్రకృతి గీసిన గీత అది. దాన్ని పట్టుకుని సంవర్గమానాలు తీసి, కర్రలా సాపు చెయ్యమంటారేం? బలవంతం కాదూ?"

అలా అడగడానికి ఆమె బాధ ఆమెకుంది. తన నమూనా సగానికి తరగడానికి ఎంతసేపు పడుతుందో ఆ సాయంత్రంలోగా తేల్చాలి. తేల్చకపోతే నమూనా చెడిందని పారేస్తారు, ఏడాది కష్టం గంగలో కలిసినట్టే. వంపు మొదట్లో కొలిస్తే ఒక సంఖ్య వస్తోంది, చివర్లో కొలిస్తే దానికి రెట్టింపు పైచిలుకు. ఆమె కిరణాల లెక్కింపు యంత్రాన్ని నాలుగు తిట్లు తిట్టి, రెండు సంఖ్యలకూ సగటు కట్టి, అదే జవాబని సరిపెట్టుకోబోతోంది.

ఆచార్యులవారు ఆ సగటు మీద ఓ చూపు వేశారు. ఒక గ్రాఫు కాగితం ఆమె ముందుకు జరిపి, "సంవర్గమానాలతో చుక్కలు పెట్టు. ఆ తరవాత కాగితాన్ని కంటి ఎత్తుకు తెచ్చి, ఒక కన్ను మూసి, వాటి వెంట చూడు" అన్నారు.

సులోచన మూతి ముడుచుకునే మొదలుపెట్టింది. మొదట్లో సమాన వ్యవధుల్లో సగానికి సగం పడిపోయే సంఖ్యలు, సంవర్గమానాలయ్యేసరికి ఒకే ఎత్తు మెట్లలా దిగసాగాయి. చుక్కలు బారు తీరుతుంటే చేతికి హుషారొచ్చింది. అన్నీ పెట్టాక కాగితం ఎత్తి, కన్ను మూసి చూసింది. బారు సూటిగా దిగింది, దిగి ఒకచోట పక్కకు తిరిగింది, తిరిగి మళ్ళీ సూటిగానే పోయింది, కాకపోతే ఈసారి వాలు తక్కువ.

గబగబా స్కేలు ఆనించి ఆ చివరి గీతను వెనక్కి, మొదటిదాకా పొడిగించింది. దాని వాటాను తొలి కొలతల్లోంచి తీసేసి, మిగిలినవాటికి మళ్ళీ సంవర్గమానాలు కట్టి చుక్కలు పెట్టింది. అవి కూడా బుద్ధిగా ఒకే సరళరేఖ మీద కూర్చున్నాయి! సంతోషం పట్టలేక ఆమె లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది.

"మాస్టారూ! యంత్రం తప్పేమీ లేదు, నమూనా చెడనూ లేదు! ఇందులో ఉన్నది ఒక పదార్థం కాదండీ, రెండు! ఒకటి వడివడిగా తరుగుతోంది, రెండోది నింపాదిగా. ఇన్నాళ్ళూ రెండూ ఆ వంపులోనే ఉన్నాయి, నాకే కనపడలేదు!"

ఆయన కాగితం అందుకుని, తాను కూడా ఒక కన్ను మూసి దాని వెంట చూశారు. ఆ పెద్దాయన మొహం కూడా వెలిగిపోయింది.

"మరి నా ప్రశ్నకి జవాబు?" అంది సులోచన, ఆయాసపడుతూనే.

ఆయన కాగితం తిరిగి ఆమె చేతికిచ్చారు.

"ఎప్పుడూ వంగుతూనే ఉండేదాన్ని పట్టుకుని, ఇక్కడెందుకు వంగావని ఎలా అడుగుతావమ్మాయ్?"