తవిటమ్మ తెచ్చుకున్న గినీపిగ్గు

అనగనగా ఒక ఊళ్ళో, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా మగ్గాల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడని ఒక వీధిలో, తవిటమ్మ అని ఒక పిల్ల ఉండేది. నీ ఈడుదే. నీలాగే గినీపిగ్గు కావాలని పట్టు పట్టింది. రేపు మీ అమ్మని అడుగుతానన్నావుగా, ముందు ఈ కథ విను. ఆ తర్వాత నీ ఇష్టం.

తవిటమ్మేం పేరని నవ్వకు. వాళ్ళమ్మ పైడమ్మకి అంతకు ముందు ఇద్దరు పుట్టి, ఇద్దరూ పురిట్లోనే పోయారు. అందుకని మూడోది పుట్టగానే పైడమ్మ ఏం చేసిందంటే, చేటెడు తవుడు తీసుకుని పిల్లని పక్కింటావిడకి అమ్మేసింది. నిజంగా కాదులే, ఉత్తుత్తి అమ్మకం. మూడో రోజున మళ్ళీ తెచ్చేసుకుంది. తవుడుకి మారిన పిల్లంటే అందరికీ అలుసు, దాని మీద ఎవరి కళ్ళూ పడవు అని ఆ రోజుల్లో నమ్మకం. అలా ఆ పిల్ల తవిటమ్మ అయింది. ముద్దుగా తవిటి.

అంత చేసినా పైడమ్మకి భయం తీరలేదు. పిల్లకి బుగ్గన ఒక చుక్క, నుదుటన ఒక చుక్క, అరికాల్లో ఒక చుక్క పెట్టేది. బడికి అయ్య చెయ్యి పట్టుకుని వెళ్ళాలి, అయ్య చెయ్యి పట్టుకుని రావాలి. ఆటకి మాత్రం గడప దాటనిచ్చేది కాదు. సాయంత్రం వీధిలో పిల్లలంతా తొక్కుడుబిళ్ళ ఆడుతుంటే తవిటి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేది. ఎవరి బిళ్ళ గీత మీద పడిందో అందరికంటే ముందు దానికే కనిపించేది. కానీ చెప్పినా వినేవాళ్ళెవరు? లోపల అయ్య సూరన్న మగ్గం నేస్తుండేవాడు, అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలకి నూలు చుట్టేది. తవిటి ఖాళీ కండెల్ని వరసగా నిలబెట్టి, వాటికి పేర్లు పెట్టి, వాటితోనే మాట్లాడుకునేది. ఎంత ఒంటరితనం చూడు.

ఒకరోజు బడి నుంచి వస్తూ సంతలో గంపలో గినీపిగ్గుల్ని చూసింది. పేరుకి పంది గానీ పంది కాదది. తోక ఉండదు. ఎలుకకి పెద్దమ్మలా, కుందేలుకి చిన్నమ్మలా ఉంటుంది. తవిటి ఇంటికొచ్చి మూడు రోజులు అడిగింది. మొదటి రోజు నవ్వుతూ అడిగింది. రెండో రోజు ఏడుస్తూ అడిగింది. మూడో రోజు అడగడం మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. అప్పుడు పైడమ్మ మెత్తబడింది. సరేగానీ ఒక్కటే తెమ్మని మొగుడికి గట్టిగా చెప్పింది. రెండైతే కనిపెట్టుకుని ఉండలేమట, ఒక్కటైతే కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసుకోవచ్చట.

తర్వాతి సంత రోజున సూరన్న పిల్లని తీసుకుని వెళ్ళాడు. అక్కడ గవరయ్య అని ముసలాయన పావురాలు, కుందేళ్ళు, గినీపిగ్గులు అమ్మేవాడు. మహా కోపిష్టి. జంతువుని నడుం పట్టి పైకి లాగే వాళ్ళకి అసలు అమ్మేవాడే కాదు. తవిటిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎంచుకోవడం నేర్పాడు. కళ్ళు మెరుస్తూ ఉండాలి, ముక్కు పొడిగా ఉండాలి, చెయ్యి చాపితే మూలకి పరుగెత్తాలి గానీ పడి ఉండకూడదు. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి పొట్ట కిందా, ఒక చెయ్యి వెనక కాళ్ళ కిందా పెట్టాలి. గడ్డి ఎప్పుడూ ఎదురుగా ఉండాలి, ఎందుకంటే దాని పళ్ళు పెరుగుతూనే ఉంటాయి, నమిలితేనే అరుగుతాయి. రోజూ ఇంత గరిక, ఇంత కొత్తిమీర, ఒక చిన్న జామముక్క. తవిటి బడిలో కూడా అంత శ్రద్ధగా వినలేదు.

ఆ గంపలో రెండే మిగిలాయి. ఒకటి తెల్లది, ఒకటి ఇంటి పెంకు రంగుది. రెండూ ఆడవి, ఒక తల్లి పిల్లలు. ఒకదాని మీద ఒకటి తల పెట్టుకుని పడుకున్నాయి. గవరయ్య విడదీసి ఇవ్వనన్నాడు. సూరన్న మా ఇంట్లో ఒకటే తెమ్మన్నారని బతిమాలాడు. గవరయ్య గొణుక్కుంటూనే తెల్లదాన్ని ఇచ్చాడు. అది గంప దాటుతుంటే పెంకు రంగుది లేచి నిలబడి కుయ్ కుయ్‌మంది. తవిటి వెనక్కి తిరిగి చూసింది గానీ, చేతిలో మెత్తగా వెచ్చగా ఉన్నదాన్ని చూసుకునే సంబరంలో ఆ సంగతి మరిచిపోయింది. దానికి దూది అని పేరు పెట్టుకుంది.

ఇంటికి తేగానే పైడమ్మ దూదిని చూసి పిల్ల కంటే ఎక్కువ మురిసిపోయింది. మురిసిపోయి ఏం చేసింది? బుట్ట మీద దుప్పటి కప్పింది. వచ్చే పోయే వాళ్ళ కళ్ళు పడకుండా మగ్గం వెనకాల మూల గదిలో పెట్టింది. దూదికి కూడా చెవి వెనక ఒక చుక్క పెట్టింది.

ఆ తర్వాత తవిటి గవరయ్య చెప్పినవన్నీ చేసింది. గడ్డి మార్చింది, గరిక కోసింది, నీళ్ళు పోసింది. కానీ దూది చీకట్లో మూలకి ముడుచుకుని ఉండేది. మగ్గం ఠక్కుమన్నప్పుడల్లా ఉలిక్కిపడేది. మొదట పది గరిక పోచలు తినేది, తర్వాత ఐదు తిన్నది, తర్వాత రెండు. గొంతు విప్పి ఒక్కసారి కూడా కుయ్‌మనలేదు.

పైడమ్మ ఇది దిష్టే అనుకుంది. ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు పిడికిట్లో పట్టుకుని బుట్ట చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. దిష్టి ఉంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదంటారు. ఇల్లంతా ఘాటెక్కి ముగ్గురూ దగ్గారు, బుట్టలో దూది కూడా తుమ్మింది. అయినా పైడమ్మ నమ్మలేదు. అప్పుడు పెరుగన్నం కలిపి పెట్టింది. మనకైతే అమృతమే, గినీపిగ్గుకి పెరుగేంటి? అది వాసన చూసి మొహం తిప్పుకుంది, మంచిపని చేసింది. ఆ తర్వాత తవిటి తన చిన్న అద్దం తెచ్చి బుట్టలో పెట్టింది. దూది అద్దంలో దూదిని చూసింది. గబగబా దగ్గరికి వెళ్ళి ముక్కు ఆనించింది. అద్దం చల్లగా తగిలింది కాబోలు, వెనక్కొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది.

తవిటికి అప్పుడు ఏడుపొచ్చింది. గోడవైపు తిరిగి పడుకోవడం అంటే ఏంటో దానికి తెలుసు.

మర్నాడు సంత. దూది ఆ పొద్దున ఒక్క పోచ కూడా ముట్టలేదు. సూరన్నకి ఆ వేళకి చీర దించి ఇవ్వాల్సి ఉంది, మగ్గం దిగే వీల్లేదు. అప్పుడు పైడమ్మే బుట్ట చంకన పెట్టుకుని, పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని గవరయ్య దగ్గరికి వెళ్ళింది. దిష్టికి ఏమైనా మందుందా అని అడిగింది.

గవరయ్య దుప్పటి తీసి దూదిని ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళు చూశాడు, పళ్ళు చూశాడు, పొట్ట నిమిరి చూశాడు. ఎక్కడా జబ్బు లేదు. ఈసారి కోప్పడలేదాయన. నెమ్మదిగా అన్నాడు.

"ఇది దిష్టి కాదు తల్లీ, దిగులు. ఇవి ఒంటిగా బతకవు. ఎవరి కళ్ళూ పడకపోతే దీనికి బతుకేటి?"

 తవిటి పెంకు రంగుది ఏదని అడిగింది. మీరు తెల్లదాన్ని కొన్న రోజే కుమ్మరివీధిలో ముత్యాలు అనే పిల్ల దాన్ని కొనుక్కుందని గవరయ్య చెప్పాడు. ముత్యాలుకి అమ్మా నాన్నా లేరు. తాతే పెంచుతున్నాడు. తాత పొద్దంతా కుండలు చేస్తూ సారె తిప్పుతుంటే ఆ పిల్ల ఒక్కతే కూర్చుని మట్టితో బొమ్మలు చేసుకునేదట.

అప్పుడు తల్లీ కూతురూ కుమ్మరివీధికి వెళ్ళారు. ముత్యాలు గుమ్మంలోనే కూర్చుని ఉంది. దాని ఒళ్ళో కుండ, కుండని పక్కకి పడుకోబెట్టి లోపలికి చూస్తోంది. లోపల పెంకు రంగుది అడుగుకి ముడుచుకుని ఉంది. దాని ముందు గరిక అలాగే వాడిపోయి ఉంది.

తవిటి దూదిని గవరయ్య నేర్పినట్టే రెండు చేతులా ఎత్తి నేల మీద దింపింది. దూది ముక్కు పైకెత్తింది. అప్పుడు కుండలోంచి కుయ్ అని వినిపించింది. ఇటు నుంచి కుయ్. మళ్ళీ అటు నుంచి కుయ్ కుయ్. ముత్యాలు కుండని నేల మీద పెట్టగానే పెంకు రంగుది బయటికి వచ్చేసింది. ఆ తర్వాత రెండూ ఒకదాన్నొకటి వాసన చూసుకుని, చూసుకుని, ఒకే గరిక పోచని ఆ చివర ఒకటి ఈ చివర ఒకటి నములుతూ మధ్యకి వచ్చేశాయి. ముత్యాలు చప్పట్లు కొట్టబోయి, భయపడతాయని ఆపుకుంది.

అంతా బాగానే ఉంది. మరి ఇప్పుడు ఎవరిది ఎవరు పట్టుకెళ్ళాలి? మళ్ళీ విడదీస్తే ఈసారి బతకవు. పైడమ్మ రెండూ మాకిచ్చెయ్యమ్మా అని ముత్యాల్ని అడిగింది. ఆ పిల్ల తల వంచుకుని కుండ అంచుని గోటితో గీకుతూ కూర్చుంది.

తవిటి చుట్టూ చూసింది. తడిమట్టితో ఆ ఇల్లు చల్లగా ఉంది. సారె తిరుగుతోంది గానీ చప్పుడు లేదు. దూది ఒక్కసారి కూడా ఉలిక్కిపడలేదు. తవిటి దాని వీపు నిమిరింది. అమ్మతో అంది.

"అమ్మా, రెండూ ఇక్కడే ఉండనీ. మన మగ్గం చప్పుడికి దాని గుండె అదిరిపోతోంది. నాకు లేకపోయినా దానికి తోడుండాలి."

పైడమ్మ ఒద్దనలేదు. వెళ్ళిపోతుంటే ముత్యాలు వెనకాలే వచ్చి, రేపు వస్తావా అని అడిగింది. తవిటి అమ్మ మొహం వైపు చూసింది. పైడమ్మ ఖాళీ బుట్ట చంకన సర్దుకుని, పొద్దుపోతోంది పదమంది.

ఆ తర్వాత మూడు రోజులు గడిచాయి. మొదటి రోజు తవిటి దుప్పటి మడతపెట్టి పెట్టెలో పెట్టింది. రెండో రోజు అలవాటు కొద్దీ పెరట్లోకి వెళ్ళి గుప్పెడు గరిక కోసుకొచ్చి, ఎవరికి పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. మూడో రోజు అన్నం ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని లేచిపోయింది. కండెల్ని నిలబెట్టలేదు. కిటికీ దగ్గరికి కూడా పోలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

అప్పుడు పైడమ్మ ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు పిడికిట్లో పట్టుకుంది. పిల్ల చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా ఘాటెక్కింది. సూరన్న దగ్గుతూ మగ్గం ఆపేశాడు. పైడమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, అవి పొగకి వచ్చినవో మరెందుకు వచ్చినవో ఆమెకే తెలియలేదు. గోడవైపు తిరిగి ఉన్న పిల్లని చూసింది. మూల గదిలో ఖాళీ బుట్టని చూసింది. దిష్టి లేదు. దిష్టి ఎన్నడూ లేదు.

ఆమె లేచి పెరట్లోకి వెళ్ళి గరిక కోసింది. పిల్లని లేపి, మొహం కడిగి, కట్ట చేతికిచ్చింది. బుగ్గన చుక్క పెట్టబోయి కాటుకడబ్బీ మూసేసింది. తలుపు గడియ తీసి అంది.

"వెళ్ళు. నువ్వే వెళ్ళు. పొద్దు గూకే లోపు వచ్చెయ్యి."

తవిటి నమ్మలేక నిలబడింది. ఒక అడుగు వేసి వెనక్కి చూసింది. రెండో అడుగు వేసి వెనక్కి చూసింది. మూడో అడుగుకి పరుగెత్తింది.

పైడమ్మకి పిల్ల వీధి చివర మలుపు తిరిగేదాకా చూడాలని ఎంత ఉందో. కానీ అన్ని దిష్టుల్లోకి కన్నతల్లి దిష్టే పెద్దదంటారు. అందుకని మొహం తిప్పుకుని లోపలికి వచ్చేసింది. రాట్నం ముందు కూర్చుని మళ్ళీ లేచింది. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. ఆ రోజు నుంచీ ఆ కిటికీ తవిటిది కాదు, పైడమ్మది. ఆ పూట దిగులు ఆమె వంతయింది, ఆమె దాన్ని నోరు మూసుకుని భరించింది. అమ్మలు అలా భరిస్తేనే పిల్లలు పెరుగుతారు బంగారం.

పొద్దు గూకే వేళకి తవిటి వచ్చింది. మోచేతుల దాకా మట్టి. దూదీ, పెంకు రంగుదీ జామముక్క కోసం కొట్టుకున్నాయని, ముత్యాలుకి తొక్కుడుబిళ్ళ అస్సలు రాదని, రేపు నేర్పాలని ఒకటే చెప్పడం. పైడమ్మ ఆ మట్టి కడగకుండా కాసేపు ఆ చేతులు అలాగే పట్టుకుని కూర్చుంది.

అదీ సంగతి. ఇప్పుడు చెప్పు, గినీపిగ్గు ఒకటి కావాలా? నాకు తెలుసు, రెండంటావు. రేపు మీ అమ్మకి నేను చెప్తాలే. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో.

గరిక గంపకి, నీళ్ళు కుండకి,
జంట గూటికి, దిగులు గట్టుకి,
కథ పోయింది కంచికి,
తవిటి చేరింది ఇంటికి,
నిద్ర వచ్చింది నీ కంటికి.