కళ్లకు గంతలతో కార్ల పరీక్ష

గిరివంక రాజ్యాన్నేలే కీర్తిధరుడికి కార్ల గోల తలనొప్పి తెచ్చిపెట్టింది. కొలువులో ఏ ఇద్దరు కలిసినా అదే మాట. కరెంటు కారు కొనాలా, పెట్రోలుదా, డీజిలుదా? ఆఖరికి వంటవాడు కూడా పులుసు వడ్డిస్తూ మైలేజీ సంగతి ఎత్తేసరికి రాజుగారికి చిర్రెత్తుకొచ్చింది.

"మూడింటిలో ఏది మేలో తేల్చండి. ఇకమీదట రాజ్యంలో అందరూ అదే కొనాలి. వేరేది కొంటే బండి జప్తు" అన్నాడు.

తేల్చే పని వాహనాధ్యక్షుడు భుజంగరావు మీద పడింది. ఈయన మొన్నమొన్నటిదాకా గుర్రాల పరీక్షాధికారి. లాయంలో గుర్రాలు పోయి కార్లు వచ్చాయి గానీ ఆయన పద్ధతి మారలేదు. గుర్రం నోరు తెరిచి పళ్లు చూసినట్టే బానెట్ ఎత్తి తొంగిచూసేవాడు. డిక్కీ మీద రెండు చరుపులు చరిచేవాడు. తర్వాత కోట ముందు మైదానంలో ఒక్క చుట్టు పరుగెత్తించి, ముందొచ్చినదానికి దండ వేసేవాడు. తన చూపు తప్పదని ఆయనకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఇంకెవరికీ లేదనుకోండి, అది వేరే సంగతి.

మైదానంలో కరెంటు కారు చప్పుడు లేకుండా దూసుకుపోయింది. దండ దానికే పడింది. శాసనం రాసి రాజముద్ర కోసం తెచ్చారు.

ముద్ర పడేలోగా అర్జీ పట్టుకుని సన్యాసమ్మ వచ్చింది. కొండ మీద పన్నెండు ఊళ్లకు ఆవిడ ఒక్కతే మంత్రసాని. ఊళ్లవాళ్లంతా చందాలేసుకుని ఒక డీజిల్ జీపు కొనబోతుంటే, శాసనం సంగతి తెలిసి పరుగున దిగివచ్చింది.

"ఆ జీపు లేకపోతే పురిటి మనిషిని డోలీ కట్టి మోసుకు రావాల బాబూ. పోయినేడు ఇద్దరు దారిలోనే పోయారు" అంది. ఆవిడ ఏడవలేదు.

భుజంగరావు మీసం సవరించుకున్నాడు. "గెలిచిన బండి ఉండగా ఓడినదెందుకమ్మా? ఇదే కొనుక్కో."

అప్పుడు పోలినాయుడు లేచాడు. ఒకప్పుడు ఎడ్ల సంతలో బేరగాడు. మాటకారి అని రాజుగారే పిలిచి కొలువులో కూర్చోబెట్టుకున్నారు.

"ప్రభూ, నేను కళ్లకు గంతలు కట్టుకుని ఎవరికే కారు మేలో చెబుతాను. కార్ల మొహం కూడా చూడను. కొనేవాళ్లని మూడు ప్రశ్నలు అడగనిస్తే చాలు."

"చెప్పలేకపోతే?" అన్నాడు రాజు.

"కొలువు వదిలిపోతాను. శాసనం మీద ముద్ర వేయించండి."

"కార్ల గురించి వీడికేం తెలుసు ప్రభూ?" అన్నాడు భుజంగరావు.

"ఏమీ తెలియదండీ" అన్నాడు నాయుడు, కండువా కళ్లకు చుట్టుకుంటూ.

రాజు సరేనని కార్లు కొనబోయేవాళ్లని పిలిపించాడు. మొదట సంగీతం పంతులమ్మ కామాక్షి వచ్చింది.

"రోజుకెంత దూరం తిరుగుతారమ్మా?"

"ఊళ్లోనే. పది మైళ్లుంటుంది."

"ఇంటి దగ్గర బండి ఎక్కడ పెడతారు?"

"వాకిట్లో. ప్లగ్గు పక్కనే."

"ఒక పూట బండి కదలకపోతే ఎవరికి ఇబ్బంది?"

"ఇబ్బందా? పిల్లలు పండగ చేసుకుంటారు."

"కరెంటు కారు కొనుక్కోండి. వీధికి పొగ తప్పుతుంది, మీకు బంకు దగ్గర నిలబడే పని తప్పుతుంది."

భుజంగరావు మొహం వెలిగిపోయింది. ఎక్కువసేపు వెలగలేదు.

తర్వాత వచ్చినవాడు రిటైరైన గుమాస్తా వీర్రాజు. మేడ మీద అద్దె వాటాలో ఉంటాడు, బండి వీధిలోనే పెట్టాలి. నెలకోసారి పొరుగూళ్లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లొస్తాడు, అంతే. కారు కదలకపోతే బస్సుంది.

"చిన్న పెట్రోలు కారు చాలు మాస్టారూ. నెలకోసారి తిరిగేదానికి అంత ఖరీదు బ్యాటరీ ఎందుకు? పైగా మేడ మీంచి వైరు వేలాడదీస్తే కింది వాటావాళ్లు ఊరుకోరు."

మూడోది సన్యాసమ్మ. రోజుకు నూరు మైళ్లు, అంతా ఘాటీ దారే. బండి ఉండే ఊళ్లో రెండు గంటలు కరెంటుంటే గొప్ప.

"ఒక పూట కదలకపోతే?" అనడిగాడు నాయుడు.

"అది నన్నే సెప్పమంటారా బాబూ" అంది ఆవిడ.

నాయుడు ఇక్కడ పరాచికాలాడలేదు. "డీజిల్ జీపే ప్రభూ. ఆ కొండకి సరిగ్గా కరెంటిచ్చిన రోజున మళ్లీ అడగండి, నేనే మాట మార్చుకుంటాను."

రాజు ముందుకు వంగాడు. "ఈ విద్య ఎక్కడ నేర్చావు?"

"ఎడ్ల సంతలో. కొనేవాడొస్తే ముందు ఎద్దును చూపించం ప్రభూ, వాడి నేల ఎలాంటిదో అడుగుతాం. నల్లరేగడికి బలమైన జత, ఇసక నేలకి తేలికపాటి జత. భుజంగరావుగారు పరీక్ష చేసిన మైదానంలో వ్యవసాయం చేసేవాడు ఒక్కడూ లేడు."

భుజంగరావుకు ఒళ్లు మండింది. "అయితే నా సంగతి చెప్పు. మూడింటిలో నాకేది మేలో తేల్చకపోతే నువ్వు ఓడినట్టే."

"తప్పకుండా. రోజుకెంత దూరం తిరుగుతారు?"

"మా ఇల్లు కోట గోడ పక్కనే. కొలువుకు రావడం, పోవడం."

"బండి ఎక్కడ పెడతారు?"

"వీధి గుమ్మంలో. నలుగురికీ కనబడాలి కదా."

"ఒక పూట మీరు కొలువుకు రాలేకపోతే ఎవరికి ఇబ్బంది?"

భుజంగరావు చుట్టూ చూశాడు. ఒక్కరూ తలెత్తలేదు. రాజుగారికి దగ్గు వచ్చింది.

నాయుడు గంతలు విప్పాడు.

"ప్రభూ, వీరికి కరెంటూ వద్దు, పెట్రోలూ వద్దు, డీజిలూ వద్దు. ఒక జత చెప్పులు ఇప్పించండి."

కొలువంతా గొల్లున నవ్వింది. రాజు కళ్లనీళ్లు తుడుచుకుంటూ శాసనాన్ని రెండుగా చింపేశాడు. సిద్ధంగా ఉన్న ముద్రను సన్యాసమ్మ అర్జీ మీద వేశాడు. చేతి కంకణం తీసి నాయుడికి తొడిగి, కొండకు కరెంటు లైను వేయించే పని కూడా అతనికే అప్పగించాడు.

సన్యాసమ్మ అర్జీని కొంగున ముడేసుకుని జీపు కొనడానికి బయల్దేరింది.