ఎవరిని తొక్కుతున్నావు?

నూకరత్నం చేతిలో బండి పెట్రోలు తాగేస్తోందని ట్రావెల్స్ ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది.

అదేమీ పాత డొక్కు కాదు. పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ రెండూ ఉన్న హైబ్రిడ్ కారు. ఖర్చు కలిసొస్తుందని ఓనరు సన్యాసినాయుడు ముచ్చటపడి కొన్నాడు. ఇంకో డ్రైవరు దేముడు నడిపితే లీటరుకి ఇరవై ఒక్క కిలోమీటర్లు వస్తున్నాయి. రత్నం నడిపితే పదిహేడు దాటడం లేదు.

"ఆడకూతురు కూచుంటే అంతేనండి నాయుడుగారూ," అన్నాడు దేముడు. "బండికి తెలిసిపోద్ది."

మొగుడు సారా తాగితే పెళ్ళాం సరిగ్గా చూసుకోలేదంటారు. బండి పెట్రోలు తాగితే ఆడది సరిగ్గా నడపలేదంటారు. ఎవరు ఏది తాగినా నింద వచ్చి వాలే చోటు మాత్రం ఒక్కటే.

నాయుడికి తాను ధర్మప్రభువునని పెద్ద నమ్మకం. ఇద్దరినీ పిలిచి తీర్పు చెప్పాడు. "చెరోసారి నన్ను అరకు తీసుకెళ్ళి తీసుకురండి. ఎవరికి మైలేజీ ఎక్కువొస్తే బండి తాళం వాళ్ళది. ఇక మీదట ఘాట్ ట్రిప్పులన్నీ వాళ్ళవే. రెండోవాళ్ళు స్కూలు పిల్లల్ని దింపుకుంటారు."

'రెండోవాళ్ళు' అన్నప్పుడు ఆయన రత్నం వైపే చూశాడు.

ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ రత్నం దింపుతున్నది స్కూలు పిల్లల్నే. కొండ రోడ్డు ఎక్కుతానని అడిగినప్పుడల్లా 'నీకెందుకమ్మా ఆ కష్టం' అని జాలిపడేవాళ్ళు. ఆడదాని చేతికి మంచి పని రాకుండా చెయ్యాలంటే ఆ జాలి చాలు. ఈసారి ఓడిపోతే మళ్ళీ అడగడానికి కూడా నోరు ఉండదు.

ఆ సాయంత్రం కారు తీసుకుని తిన్నగా వన్‌టౌన్ కోటవీధికి, ఉస్తాద్ ఇంటికి వెళ్ళింది.

ఉస్తాద్ అసలు పేరు బషీరున్నీసా. విశాఖపట్నంలో ఆడవాళ్ళకి డ్రైవింగు నేర్పుతూనే జుట్టు నెరిసిన మనిషి. మెకానిక్ షెడ్లలో ఉస్తాద్ అనే పిలుపు మగ మేస్త్రీలకే చెల్లేది. ఈవిడని శిష్యురాళ్ళు అలా పిలిచినప్పుడు షెడ్లన్నీ నవ్వాయి. కొన్నాళ్ళకి నవ్వు ఆగిపోయింది, పిలుపు నిలిచిపోయింది.

"వాడికంటే నేనేం తక్కువ ఉస్తాద్?" గుమ్మంలోనే మొదలుపెట్టింది రత్నం. "పచ్చలైటు పడిందంటే చాలు, అందరికంటే ముందు నేనే. లారీలకి కూడా దారి ఇవ్వను. ఎవడైనా భయపడుతోంది అనగలడా? వాడెంత తొక్కుతాడో నేనూ అంతే తొక్కుతున్నాను. ఇంకా గట్టిగానే తొక్కుతున్నాను!"

ఉస్తాద్ నమాజు చాప చుడుతోంది.

"ఎవరిని?" అంది.

"ఆఁ?"

"తొక్కుతున్నాను, తొక్కుతున్నాను అంటున్నావు. ఎవరిని తొక్కుతున్నావు?"

రత్నం నవ్వేసింది. "ఎక్సలేటర్‌ని ఉస్తాద్. ఇంకెవరిని తొక్కుతాను?"

ఉస్తాద్ నవ్వలేదు. చాప గోడకి ఆనించి, చెప్పులేసుకుని వీధిలోకి నడిచింది.

రత్నాన్ని డ్రైవరు సీట్లో కూర్చోమంది. బండి స్టార్టు చెయ్యొద్దంది. చెప్పులు విప్పించింది. తలుపు తెరిచే ఉంచి, మోకాళ్ళ నొప్పికి 'యా అల్లా' అనుకుంటూ రోడ్డు మీద గొంతుక్కూర్చుంది. చెయ్యి లోపలికి చాపి అరచేతిని వెల్లకిలా ఎక్సలేటర్ మీద పరిచింది.

"ఊఁ, తొక్కు."

రత్నం రెండు కాళ్ళూ పైకి లాక్కుంది. "అయ్యయ్యో! మీ చేతి మీద కాలు పెట్టడమేంటి! పాపం తగులుతుంది."

"పాపం సంగతి నేను పైవాడితో మాట్లాడుకుంటాను. నువ్వు కాలు పెట్టు."

"నా వల్ల కాదు ఉస్తాద్."

"బేటీ, నా మోకాళ్ళు ఊరుకోవు. పెట్టు."

అటువైపు పోతున్న వాళ్ళు ఆగి చూస్తున్నారు. రత్నం కళ్ళు గట్టిగా మూసుకుని కాలు దించింది. మునివేళ్ళకి ఆ అరచేయి తగిలింది. స్టీరింగు పట్టి పట్టి గరుకెక్కిన చెయ్యి, వెచ్చగా ఉంది. ఆమె కాలు తూనీగ వాలినట్టు వాలింది.

"ఇంకాస్త."

ఇంకాస్త మోపింది.

"ఇంకొంచెం... చాలు. అక్కడే ఉంచు." ఉస్తాద్ గొంతులో తొందరేమీ లేదు. "ఇప్పుడు లారీవాడి ముందు తొక్కినట్టు తొక్కు."

రత్నం కాలు కదలలేదు.

ఉస్తాద్ తన చెయ్యి వెనక్కి తీసుకుని, తలుపు పట్టుకుని లేచింది. "ఈ కాలు తీసుకుపో. వచ్చేటప్పుడు తెచ్చావే, అది ఇక్కడ వదిలేసి పో."

ఆ పెడలు కింద ఇన్నాళ్ళూ ఎవరెవరున్నారో ఒక్కొక్కరే రత్నానికి కనబడ్డారు. 'నీకు సైకిలే రాదు' అన్న మొగుడు. సిగ్నలు దగ్గర కిటికీలోంచి తల బయటపెట్టి 'వంట అయిపోయిందా' అని అడిగిన ఆటోవాడు. పళ్ళికిలించే దేముడు. రోజూ వాళ్ళందరినీ కసిదీరా తొక్కుతోంది. వాళ్ళేమో హాయిగా ఉన్నారు. పెట్రోలే అయిపోతోంది.

వెళ్ళబోతూ ఒక్క ప్రశ్న అడిగింది. "ఘాట్ దిగేటప్పుడు దేముడు గేరు తీసేసి న్యూట్రల్ వేసి వదిలేస్తాడట. పెట్రోలు కలిసొస్తుందట. నేనూ వెయ్యనా?"

"ఎక్కేటప్పుడు కొండకి నువ్వు ఇస్తావు. దిగేటప్పుడు కొండ తిరిగి నీకు ఇస్తుంది," అంది ఉస్తాద్. "తలుపేసుకుని కూర్చుంటే ఎలా పుచ్చుకుంటావు?"

మర్నాటి నుంచి రత్నం బండికి మనిషి మారినట్టయింది. టైర్లలో గాలి సరిచూసింది. డిక్కీలో పేరుకున్న చెత్తా చెదారం దింపేసింది. ఎర్రలైటు దూరాన కనబడగానే కాలు తీసేస్తోంది, ఆ తర్వాత బ్రేకు మీద మెల్లగా ఆనిస్తోంది. అలా ఆనించినప్పుడల్లా ముందున్న తెర మీద ఆకుపచ్చ బాణం చక్రాల దగ్గర బయల్దేరి బ్యాటరీలోకి పోయేది. బండి ఆగుతూ ఆగుతూ కరెంటు కూడబెట్టుకోవడమే అది. న్యూట్రల్ వేస్తే ఆ బాణమే రాదు. గట్టిగా బ్రేకు కొట్టిన రోజుల్లో ఆ బాణాన్ని సరిగ్గా చూసిన పాపాన పోలేదు.

వెనక హారన్లు మోగాయి. ఒకడు పక్కకొచ్చి, "లైసెన్సు చీరతో పాటు ఇచ్చారేటి?" అని అరిచి పోయాడు. రత్నం పాదం వేడెక్కింది. వేళ్ళు బిగిశాయి. తరవాత ఒక్కొక్కటే వదులయ్యాయి.

పోటీలో ముందు దేముడు వెళ్ళొచ్చాడు. ఇరవై ఒకటిన్నర. ఆఫీసులో టీలు పంచాడు. రత్నానికి కూడా ఒక గ్లాసు ఇచ్చి, "తాగమ్మీ, బండి ఒక్కటే తాగితే ఏం బాగుంటాది," అన్నాడు.

ఒక రోజు ఆగి రత్నం వంతు. నాయుడు మీటరు సున్నాకి తిప్పించి పక్క సీట్లో కూర్చున్నాడు.

శృంగవరపుకోట దాటి కొండ మొదలైంది. ముందొక సిమెంటు లారీ మూలుగుతూ ఎక్కుతోంది.

"దాటమ్మా, దాటు. తొక్కు!"

"తొందరేముందండి? అదీ కొండే ఎక్కుతోంది, మనమూ కొండే ఎక్కుతున్నాం."

"దేముడైతే ఈపాటికి అనంతగిరిలో ఉండేవాడు."

రత్నం లారీ వెనకే పోనిచ్చింది. దారి తెరిపిచ్చిన చోట నింపాదిగా దాటింది. అరకులో ఆయన వెదురు బొంగులో కాల్చిన కోడి తినొచ్చేదాకా బండి నీడలో పెట్టుకుని కూర్చుంది.

తిరుగుదారి పట్టగానే నాయుడు సీట్లో నిటారుగా కూర్చున్నాడు.

"ఇప్పుడు న్యూట్రల్ వెయ్యి."

"వెయ్యనండి."

"దేముడు వేశాడు కదా!"

"అందుకే వెయ్యనండి."

"బండి నాది రత్నం. నేను చెప్తున్నాను, వెయ్యి!"

ఓనరు మాట కాదంటే తాళం సంగతి దేవుడెరుగు, రేపటి ఉద్యోగమే ఉండకపోవచ్చు. రత్నం రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా చెప్పింది: "బండి మీదేనండి. ఈ వేళ పరీక్ష మాత్రం నాది."

నాయుడు సీటుబెల్టు సరిచూసుకున్నాడు. ఆయనకి ఎదురు చెప్పే ఆడమనిషి ఇంట్లో కూడా లేదు. ఉంటే ఈపాటికి బాగుపడేవాడు.

మలుపు మలుపుకీ ఆమె ముందే కాలు ఎత్తేసింది. మెల్లగా బ్రేకు ఆనించింది. కొండ దిగుతున్నంతసేపూ ఆకుపచ్చ బాణం ఆగకుండా బ్యాటరీలోకి పారింది. కొండ మీది వాననీళ్ళు కాలవలోకి దిగినట్టు దిగింది. కింద చదును రోడ్డు తగిలేసరికి బ్యాటరీ దాదాపు నిండుగా ఉంది.

మామిడితోటల మధ్య నాయుడు ఉలిక్కిపడ్డాడు. "ఇంజను ఆగిపోయిందా ఏంటి?"

"ఆగిందండి."

"మరి బండి నడుస్తోంది?"

"నడుస్తోందండి."

"చప్పుడేదమ్మా?"

"మీకు చప్పుడు కావాలా, మైలేజీ కావాలా?"

ఆఫీసు ముందు బండి ఆగేసరికి డ్రైవర్లందరూ మూగారు. నాయుడు కళ్ళజోడు తుడుచుకుని తెర మీదికి వంగాడు. ఒకసారి చదివాడు. నమ్మకం కుదరక మళ్ళీ చదివాడు.

"ఇరవై ఆరు," అన్నాడు.

"మీటరు పోయినట్టుందండి," అన్నాడు దేముడు.

"మొన్న నీకు బాగానే పనిచేసింది కదరా!"

"అది కాదండి. మొన్న నాకు ఎదురుగాలి. ఈ వేళ గాలే లేదు."

రత్నం బండి దిగి చీరకుచ్చిళ్ళు దులుపుకుంది. "నీకు మొన్న ఒక్కరోజే దేముడన్నా. మాకు పుట్టినప్పటినుంచీ ఎదురుగాలే. దాంట్లోనే నడుపుతున్నాం."

ఎవరో ఈల వేశారు. నాయుడు తాళం ఆమె చేతిలో పెట్టాడు. ధర్మప్రభువు కదా, కాస్త ఆలస్యమైనా పెట్టాడు. దేముడు మాత్రం పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించి అడిగాడు. "నిజం సెప్పమ్మీ. కొండ దిగినప్పుడు ఏటి సేసినావు?"

"వచ్చి కూర్చో ఓ రోజు. చూపిస్తాను," అంది రత్నం. వెనక సీటు చూపించింది.

ఆ ఆదివారం అరకు నుంచి ఎవరినో కిందికి తీసుకురావాలి. రత్నం పేరు మీద రాసిన మొదటి ఘాట్ ట్రిప్పు అది. పైకి ఖాళీ బండే కాబట్టి కోటవీధి వెళ్ళి ఉస్తాద్‌ని పక్కన కూర్చోబెట్టుకుంది.

దారంతా కబుర్లే. "నాయుడుగారి మొహం చూడాలి ఉస్తాద్! ఇరవై ఆరు అనలేక అన్నాడు. దేముడైతే మీటరుని తిట్టాడు, గాలిని తిట్టాడు, ఇంక తిట్టడానికేమీ దొరక్క..."

ఉస్తాద్ ఊఁ కొట్టడం మానేసి చాలాసేపయింది.

వేలమంది కొత్తవాళ్ళ పక్క సీట్లో ప్రాణాలు అరచేత పట్టుకుని కూర్చున్న మనిషి. సిటీబస్సు ఎక్కినా ఆవిడ కుడికాలు నేలని బ్రేకులా అదుముతూనే ఉంటుందని శిష్యురాళ్ళు చెప్పుకుని నవ్వుకుంటారు. కదిలే బండిలో ఆవిడ రెప్ప వెయ్యగా ఎవరూ చూడలేదు.

రత్నం ఓరగా చూసింది.

ఉస్తాద్ తల కిటికీ అద్దానికి ఆని ఉంది. ముసుగు జారిపోయింది. నోరు కాస్త తెరుచుకుంది. కుడికాలు ఎడమకాలి మీద ఊరికే పడి ఉంది. చిన్న గురక.

రత్నం కబుర్లు ఆపేసింది. తరవాతి మలుపు వచ్చింది, దాని వెనక ఇంకో మలుపు.

కాఫీ తోటల దగ్గర బండి ఆపి, ఉస్తాద్‌ని లేపకుండా కూర్చుంది.

ఉస్తాద్ కళ్ళు తెరిచింది. ముసుగు సర్దుకుని, కిందనున్న లోయనీ ఎక్కొచ్చిన రోడ్డునీ చూసింది.

"అప్పుడే వచ్చేశామా?" అంది.