చేతుల మీద కూర్చున్న రాణిగారు

పడుకోండర్రా ముందు. శౌరీ, ఆ చొక్కా గుండీలు పెట్టుకోరా. వాళ్ళమ్మొచ్చి పెట్టాలట, దొరగారికి! కథయ్యేలోపు నువ్వే పెట్టుకో. చైత్రా, తమ్ముడని సాయం పట్టావంటే కథ ఆపేస్తాను, చెబుతున్నా.

అనగనగా అంటే అనగనగా, ఒక ఊళ్ళో ఒక రాజుగారు. ఆయనకి లేకలేక పుట్టిన కొడుకు. పేరేమో ధీరసింహుడు. ఏం ధీరుడో, ముక్కు తుడుచుకోవడం కూడా రాదు! గుండీ పెట్టడానికొకడు, ముక్కు తుడవడానికొకడు, ముద్ద కలపడానికొకడు, కలిపిన ముద్ద నోట్లో పెట్టడానికింకొకడు. అదేమంటే, పసివాడు కదా అనేవారు రాజుగారు. ఊ కొడుతున్నారా? గోడని కొట్టడం కాదురా, ఊ కొట్టు.

ఆ రాజ్యంలో ఓ ఆనవాయితీ ఉంది. యువరాజుకి ఐదేళ్ళు నిండిన రోజున నిండు సభలో ఒక పట్టుమూట పెడతారు. అందులో కోట తాళంచెవి. ఆ ముడి పిల్లాడే విప్పాలి, ఇంకెవరూ వేలు పెట్టకూడదు. విప్పాడా, రాజ్యం వాడిది. లేదా, బాబాయి కొడుక్కి పోతుంది.

పుట్టినరోజు దగ్గర పడుతుంటే రాజుగారు ఇంట్లోనే ఓ మూట కట్టి విప్పమన్నారు. వాడు దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, కాసేపు కొరికాడు, ఆనక విప్పమని నౌకరు ముందు పడేశాడు. రాజుగారి గుండెల్లో రాయి పడింది. వైద్యుల్ని పిలిపించారు. ఒకాయన వేళ్ళకి నెయ్యి రాయమన్నాడు. ఇంకొకాయన బంగారు ఉంగరాలు తొడగమన్నాడు. నెయ్యి రాశారు, ఉంగరాలు తొడిగారు, నేతికి ఉంగరాలు జారిపోయాయి. బుద్ధుండక్కర్లా! మంత్రిగారు ఇంకా ఘనుడు, అసలు ముడే వెయ్యకుండా పెట్టేద్దామన్నాడు.

రాణిగారికి విసుగొచ్చింది. అందర్నీ బయటికి పొమ్మని పిల్లాణ్ణి వంటింట్లో కూర్చోబెట్టింది. చిక్కుడుకాయలకి ఈనెలు తియ్యమంది. బఠాణీలు వలవమంది. ఆనక చేగోడీల పిండి చేతికిచ్చింది. వాడు చేస్తే చేగోడీ పామయింది, పాము తెగి తేలయింది, తేలు చితికి పిడకయింది. గింజలు పొయ్యి కిందికి దొర్లాయి, పిండి జుట్టుకంటింది. రాణిగారికేమో చేతులు ఊరుకునేవి కావు. తనే చేసేస్తే చిటికెలో పని! మరేం చేసిందనుకున్నారు? రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. పళ్ళు నూరుకుంటూ కూర్చుంది. ఇవాళా అంతే, రేపూ అంతే. పోగా పోగా పిడక తేలయింది, తేలు పామయింది, పాము చేగోడీ అయింది. వంకరదే, అయితేనేం, చివర్లు అతుక్కున్నాయి. ఊ అనరేమర్రా?

సభ రోజు రానే వచ్చింది. బాబాయిగారు ముడి బిగించి బిగించి కట్టాడు, దాని దుంపతెగ. పిల్లాడు గిల్లాడు, లాగాడు, రాలేదు. కళ్ళమ్మట నీళ్ళు. బాబాయిగారు మీసం దువ్వుకుంటున్నాడు. రాజుగారు ఉండబట్టలేక చెయ్యి చాపబోయారు. రాణిగారు ఆ చెయ్యి పట్టుకుని ఆయన తొడ కిందికే తోసేసింది, అంతమంది చూస్తుండగా! అప్పుడు పిల్లాడు ముక్కు తనే తుడుచుకుని, నాలుక బయటపెట్టి, చిక్కుడు ఈనె లాగినట్టు ఓ కొస గిల్లి లాగాడు. ముడి వీడింది. తాళంచెవి ఠంగుమని కింద పడింది. రాజుగారు సంతోషం పట్టలేక ఏడ్చేశారు. బాబాయిగారికి కూడా చేగోడీలు పెట్టారు, వంకరవి. అందరూ హాయిగా ఉన్నారు.

అందుకే పిల్లల పని పిల్లల్ని చేసుకోనివ్వాలర్రా, ఎంతసేపు పట్టినా సరే. ఆ మాటంటే మీ అమ్మ నా మీదే విసుక్కుంటుంది, బడి బస్సు వెళ్ళిపోతుందమ్మా అని.

ఏరా, ఏవీ గుండీలు? ఇంకా మొదటిదేనా! అబ్బబ్బా, ఇటు రా, నేనే పెట్టి... ఏమిటే చైత్రా, అలా చూస్తావు? సరేలే. ఇదిగో, చేతుల మీద కూర్చున్నా. పెట్టుకో నాయనా, పెట్టుకో.

పెట్టేశావూ! పైగుండీ కింది కాజాలోకెళ్ళింది. పోనీ, అలాగే పడుకో, బంగారు తండ్రి. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పట్లో దూరండి. చేతులు తిమ్మిరెక్కిపోయాయి, కాస్త నన్ను లేపండర్రా.